ఆటపాకలో గూడబాతులు

ఫజర్ నమాజు ముగించుకొని పిల్లలతో కలిసి విజయవాడ నుండి బయలుదేరాము. గుడివాడ మీదుగా కైకలూరు చేరేసరికి ఎండ ఇంకా ముదరలేదు. ఆ పక్కనే ఆటపాక పక్షుల కేంద్రం. గట్టు మీది నుండి చూస్తే నీటి నడుమ తెల్లగా విరగబూసినట్లు గూడబాతులు! అయితే వాటిలో చాలా వరకు గూళ్లు కట్టుకున్నది చెట్లపై కాదు, వాటి కోసం మనుషులు నీటిలో నిలిపిన ఇనుప స్టాండ్లపై.

ఒక తల్లిపక్షి వచ్చి వాలగానే పిల్ల తన తలను, మెడను దాని ముక్కు కింది సంచిలోకి దూర్చింది. “అమ్మే దాన్ని మింగేస్తోంది!” అని మా చిన్నది కంగారుపడింది. మింగి తెచ్చిన చేపలను తల్లి అలాగే తినిపిస్తుందని చెప్పాక గాని దాని మనసు కుదుటపడలేదు.

కొల్లేరును 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అది రామ్‌సార్ జాబితాకెక్కింది. అయినా చేపల చెరువుల గట్లు సరస్సును ముక్కలు చేయగా, 2006లో ప్రభుత్వమే వాటిని పెద్దయెత్తున తెగగొట్టించింది. ఆ చెరువులపై బతికిన పేద కుటుంబాల గోడు కూడా తేలికైనది కాదు. కాని బుడమేరు నీరు చేరవలసింది ఈ కొల్లేటికే. అక్కడి నుండి ఉప్పుటేరు గుండా సముద్రానికి. 2024 సెప్టెంబరులో ఆ బుడమేరే సింగ్‌నగర్ ఇళ్లను ముంచెత్తింది. సరస్సు ఇరుకైతే నష్టం పక్షులకే అనుకున్నాము ఇన్నాళ్లూ.

తిరుగు ప్రయాణంలో చిన్నది అడిగింది: “ఆ ఇనుము ఎండకు కాలదా?” గూటి కింద పుల్లలు పరుచుకుంటాయిగా అన్నాము. దానికి ఆ జవాబు చాలలేదు.