గోడ మీద నీటి చార

వరద తీసిన మర్నాడు ఊళ్లోకి వెళ్తే ప్రతి గోడ మీదా మట్టిరంగు చార ఒకటి కనబడుతుంది. బురద, నూనె తెట్టు, గడ్డి పరకలు అంటుకుని, నీరు ఎంత ఎత్తున నిలిచిందో ఆ చార చూపిస్తుంది. కరకట్ట ఎంత ఎత్తు ఉండాలి, తూము ఎంత వెడల్పు ఉండాలి, అసలు కట్టతో పని జరుగుతుందా, ఊరినే మెరకకు మార్చాలా అన్న ప్రశ్నలన్నిటికీ లెక్క అక్కడే మొదలవుతుంది. మన దగ్గర ఆ చార దసరాకో సంక్రాంతికో వేసే సున్నం కింద కలిసిపోతుంది.

వరద తరవాత నష్టం లెక్కించడం మనకు కొత్త కాదు. అయితే ఆ లెక్కకు రెండు ప్రయోజనాలున్నాయి. బాధితుడికి సాయం ఎంత ఇవ్వాలో తేల్చడం ఒకటి. మళ్లీ ఆ నష్టం జరగకుండా ఏ పని ఎక్కడ చేపట్టాలో తేల్చడం రెండోది. మొదటిదాన్ని మనం ఎంతో శ్రమపడి చేస్తాం. రెండోది దానంతటదే అయిపోతుందనుకుంటాం. అది పొరపాటు.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగి, మళ్లింపు కాలువకు గండ్లు పడి, విజయవాడలోని సింగ్‌నగర్ పరిసరాలు రోజుల తరబడి నీటిలో ఉన్నాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ వద్ద కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులతో పారింది. ఆ బ్యారేజీ చూసిన అతి పెద్ద ప్రవాహం అదే. నీరు తీశాక ఇంటింటి ఎన్యూమరేషన్ జరిగింది. మునిగిన కింది అంతస్తు ఇంటికి రూ.25,000, పై అంతస్తుల ఇళ్లకు రూ.10,000 సాయంగా ప్రకటించారు. సాయానికి ఇలాంటి ఏకమొత్తం పద్ధతే సరైనది. ఆకలితో ఉన్నవాడి ఎదుట టేపు పట్టుకుని గోడలు కొలుస్తూ కూర్చోలేం. కానీ పిక్కల లోతు నీరు వచ్చిన ఇల్లూ, గొంతు లోతు నీరు వచ్చిన ఇల్లూ ఈ పద్ధతిలో ఒకటే. ఇంజనీరుకు కావలసింది సరిగ్గా ఆ తేడాయే. పొలం సంగతీ ఇంతే. పంట 33 శాతం, ఆపైన దెబ్బతింటేనే పెట్టుబడి రాయితీ వస్తుంది. ఆ గీతకు దిగువన పోయిన పంట ఆ జాబితాకు ఎక్కదు.

లోతు అంత ముఖ్యం ఎందుకో ఒక మధ్యతరగతి ఇంట్లో నిలబడి చూస్తే తెలుస్తుంది. గడప దాటని నీరు పెద్దగా చెరుపు చేయదు. ఇంట్లో చీలమండ లోతు నిలిస్తే పరుపు, బియ్యం మూట పోతాయి. మోకాలి దాకా రాకముందే ఫ్రిజ్ చెడిపోతుంది, ఎందుకంటే దాని కంప్రెసర్ ఉండేది అడుగునే. వాషింగ్ మెషీన్ మోటారూ అంతే. నడుము లోతుకు బీరువా కింది అరల్లోని పట్టుచీరలు, పట్టాదారు పుస్తకాలు, పిల్లల సర్టిఫికెట్లు, గోడ మీది స్విచ్‌బోర్డులు తడుస్తాయి. ఆపైన ఎంత లోతు వచ్చినా నష్టం మెల్లగానే పెరుగుతుంది, పోవడానికి మిగిలింది తక్కువ కనుక. ఈ సంబంధాన్ని గీతగా గీస్తే నిపుణులు లోతు-నష్ట వక్రం అంటారు. అమెరికాలో గిల్బర్ట్ వైట్ అనే భూగోళ శాస్త్రవేత్త 1960లలో ఈ పద్ధతికి శాస్త్రీయ రూపమిచ్చాడు. బ్రిటన్‌లో మిడిల్‌సెక్స్ పరిశోధకులు 1977 నుంచి ఇళ్ల రకాన్ని బట్టి ఇలాంటి పట్టికలతో కరదీపికలు వెలువరిస్తున్నారు. వాటిని తెచ్చి మన ఇళ్లకు అతికించలేం. అక్కడి కార్పెట్టూ చెక్కనేలా వేరు, మన నాపరాళ్లూ గచ్చూ వేరు. మన వక్రాలు మనమే గీసుకోవాలి.

పొలంలో లోతు కన్నా రోజులు ముఖ్యం. పైరు ఏ దశలో ఉందన్నది ఇంకా ముఖ్యం. మునకను రెండు వారాల దాకా ఓర్చుకునే స్వర్ణ-సబ్1 లాంటి వరి వంగడాలూ ఉన్నాయి. అదే పూత మీదున్న చేను రెండు మూడు రోజుల మునకకే తాలు పోవచ్చు. రోడ్లకూ వంతెనలకూ లెక్క చూడాల్సింది నీటి వేగం.

నష్టం ఎంత అన్నదొక్కటే చాలదు, అది ఎలా వచ్చిందో కూడా సర్వే తేల్చాలి. ఇందుకు మన నేల మీదే గొప్ప ఉదాహరణ ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ హైదరాబాదును ముంచెత్తింది. దాదాపు 15,000 మంది ప్రాణాలు పోయాయని అంచనా. మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వ ఆహ్వానంపై మోక్షగుండం విశ్వేశ్వరయ్య వచ్చారు. కూలిన ఇళ్లు నగరంలో ఉన్నా, ఆయన చూపు నగరం దగ్గర ఆగలేదు. ఎగువన 862 చదరపు మైళ్ల పరీవాహకంలో 788 చెరువులున్నాయనీ, వాటిలో 221 తెగాయనీ లెక్క తేల్చారు. శంషాబాద్‌లో 24 గంటల్లో 12.8 అంగుళాల వాన పడింది. గొలుసుకట్టు చెరువుల్లో పైది తెగితే దాని నీరంతా కిందిదాని మీద పడుతుంది. అలా గండి మీద గండి పడి, నగరం దగ్గరికి వచ్చేసరికి మూసీ ప్రవాహం 4,25,000 క్యూసెక్కులయిందని అంచనా కట్టారు.

ఈ లెక్కే మందును మార్చింది. ఒడ్డున గోడ లేపడమే పరిష్కారమని ఎవరైనా అనుకునే సందర్భమది. నీటిని ఎగువనే ఆపాలని ఆయన సూచించారు. మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, దాని ఉపనది ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. తెగిన చెరువుల జాబితా లేకపోతే ఆ రెండు జలాశయాలకు వాదన అంత బలంగా నిలబడేది కాదని నా నమ్మకం.

ఇక డబ్బు లెక్క. ప్రాజెక్టు వల్ల ప్రయోజనం ఖర్చును మించాలన్న సూత్రాన్ని అమెరికా 1936లోనే వరద నియంత్రణ చట్టంలో పెట్టింది. మన దగ్గర కూడా వరద రక్షణ పనుల మంజూరుకు లాభ-వ్యయ నిష్పత్తి చూస్తారు. ఇక్కడ లాభమంటే తప్పిన నష్టం. దాన్ని ఏడాదికి సగటున ఎంతో లెక్కగడతారు. ఊహకు ఒక పట్నం తీసుకుందాం. పదేళ్లకోసారి వచ్చే వరదకు నష్టం రూ.20 కోట్లు, యాభై ఏళ్ల వరదకు రూ.100 కోట్లు, నూరేళ్ల వరదకు రూ.150 కోట్లు అనుకుందాం. ప్రతి అంచెలో సగటు నష్టాన్ని దాని సంభావ్యతతో గుణించి కూడితే ఏడాదికి సుమారు రూ.7.55 కోట్లు వస్తుంది. చిత్రమేమిటంటే, అందులో రూ.4.8 కోట్లు పదేళ్లకూ యాభై ఏళ్లకూ మధ్య వచ్చే మధ్యతరహా వరదల వాటాయే. పేపర్ల మొదటి పేజీకెక్కే మహా వరద అరుదు కాబట్టి సగటులో దాని వంతు చిన్నది. మనం గట్టిగా సర్వే చేసేది మాత్రం దాన్నే. ఏటేటా పల్లపు కాలనీలోకి వచ్చి పోయే నీటిని ఎవరూ కొలవరు.

నూరేళ్ల వరద అంటే నూరేళ్లకు ఒక్కసారే వస్తుందని కాదు. ఏ ఏడాదైనా రావడానికి నూటికి ఒక వంతు అవకాశం ఉందని. ముప్ఫై ఏళ్ల గృహరుణం తీరేలోపు అది ఒక్కసారైనా వచ్చే అవకాశం 26 శాతం.

ఉపగ్రహాలు ఉండగా గోడ మీద చారతో పనేమిటని అడగవచ్చు. రాడార్ ఉపగ్రహం మబ్బుల చాటునుంచి కూడా నీటిని చూస్తుంది. హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రం అలాంటి ముంపు పటాలు తయారుచేస్తుంది. పొలాల మీద అవి చక్కగా పనికొస్తాయి. ఇరుకు వీధుల్లో మాత్రం గోడల నుంచి వచ్చే ప్రతిఫలనాల వల్ల రాడార్ తికమకపడుతుంది. పైగా ముంపు ఎంత మేర పాకిందో అది చూపగలదు గానీ, ఇంట్లో ఎంత లోతు నిలిచిందో నేరుగా చూపదు. భద్రాచలం దగ్గర గోదావరి 1986లో 75.6 అడుగులకు చేరిందని మనకు తెలుసు. అది నది కొలబద్ద మీది అంకె. ఫలానా వీధిలో ఎంత నీరుందో చెప్పాలంటే ఆ వీధి మట్టం కూడా లెవెల్ వేసి తీయాలి.

ఈ పద్ధతిలో నాకు ఒక అసంతృప్తి ఉంది. నష్టాన్ని రూపాయల్లో కొలిస్తే మేడలున్న కాలనీకి లాభం పెద్దదిగా, గుడిసెల వాడకు చిన్నదిగా కనబడుతుంది. గుడిసెలో పోయింది పది వేలే కావచ్చు, అది ఆ ఇంటి మొత్తం ఆస్తి. ఆటో నడవక పోయిన కూలి, తడిసిన తోపుడుబండి సరుకు ఏ గడిలో రాయాలో ఫారంలో ఉండదు. సర్వేలో ఇంటి ఆదాయానికీ, పోయిన పనిరోజులకూ చోటివ్వకపోతే లెక్క సరిగ్గానే వస్తుంది, న్యాయం మాత్రం తప్పుతుంది.

ఇంటి లోపలి గోడ మీది చార నమ్మదగినది, బయటిదాన్ని అలలూ వాహనాల కదలికా చెరిపేస్తాయి. కనుక మీ ఇంట్లోకి ఎప్పుడైనా నీరు వస్తే, శుభ్రం చేయడానికి ముందు ఒక మేకుతో ఆ ఎత్తున గీత గీయండి. నేల నుంచి ఎన్ని అంగుళాలో కొలవండి. పక్కన తేదీ, నీరు ఎన్ని గంటలు నిలిచిందో రాసి, స్కేలు కనబడేలా ఫోటో తీసి ఉంచండి. సున్నం ఆ తరవాత వేయండి.