వదులుకున్నారంటే... పనికిరారని కాదు!

2025 ఏప్రిల్ 2. బెంగళూరు చిన్నస్వామి స్టేడియం. కొత్త బంతి పట్టుకుని బౌలింగ్ మార్కు దగ్గర నిలబడ్డాడు మన హైదరాబాద్ కుర్రాడు మహ్మద్ సిరాజ్. ఆ మైదానం అతనికి కొత్తేమీ కాదు. ఏడు సీజన్లు అదే అతని సొంతగడ్డ. తేడా ఒక్కటే. ఈసారి ఒంటి మీద రాయల్ చాలెంజర్స్ బెంగళూరు ఎర్ర జెర్సీ లేదు. గుజరాత్ టైటాన్స్ నీలం జెర్సీ ఉంది.

ఆ రాత్రి సిరాజ్ 19 పరుగులే ఇచ్చి 3 వికెట్లు తీశాడు. గుజరాత్ 8 వికెట్ల తేడాతో గెలిచింది. ప్లేయర్ ఆఫ్ ద మ్యాచ్ కూడా అతనే. ఏడేళ్లు ఉన్న చోటు కదా, కాస్త ఉద్వేగంగా అనిపించిందని, బంతి చేతిలోకి వచ్చాక సర్దుకున్నానని మ్యాచ్ తర్వాత చెప్పాడు. నాలుగు రోజులకే ఉప్పల్‌లో సన్‌రైజర్స్ మీద 17 పరుగులకు 4 వికెట్లు పడగొట్టాడు.

ఇంకేముంది? 'సిరాజ్‌ను వదులుకుని ఆర్‌సీబీ పెద్ద తప్పు చేసింది' అన్నవాళ్లు చాలామంది. కానీ సరిగ్గా రెండు నెలలకు, జూన్ 3న అదే ఆర్‌సీబీ ఫైనల్లో పంజాబ్ కింగ్స్‌ను 6 పరుగుల తేడాతో ఓడించి తొలిసారి ఐపీఎల్ కప్పు ఎత్తింది. సిరాజ్ లేకుండానే!

మరి ఎవరు కరెక్ట్? వదులుకున్న జట్టా, వదిలేశాక మెరిసిన ఆటగాడా? నిజానికి ఇద్దరూ కరెక్టే కావచ్చు. ఈ ఒక్క మాట అర్థం చేసుకుంటే ప్లేస్‌మెంట్ లిస్టులో పేరు లేని రోజున, ఇంటర్న్‌షిప్ చేసిన కంపెనీ 'సారీ' చెప్పిన రోజున మనసు అంతగా కుంగదు.

ఏడేళ్ల నమ్మకం

సిరాజ్ తండ్రి ఆటో డ్రైవర్. 2017 వేలంలో సన్‌రైజర్స్ 2.60 కోట్లకు తీసుకోవడంతో ఐపీఎల్ తలుపు తెరుచుకుంది. మరుసటి ఏడాది అంతే మొత్తానికి ఆర్‌సీబీకి వెళ్లాడు. 2019 సీజన్ అతనికి పీడకల. క్రికెట్ మానేసి నాన్నతో ఆటో నడుపుకో అని కొందరు ఎగతాళి చేశారని తర్వాత సిరాజే చెప్పుకున్నాడు. అయినా ఆర్‌సీబీ అతన్ని పంపించేయలేదు. 2020లో కోల్‌కతాపై 8 పరుగులకు 3 వికెట్లు తీసి, ఒకే ఐపీఎల్ మ్యాచ్‌లో రెండు మెయిడెన్లు వేసిన తొలి బౌలర్ అయ్యాడు.

2022కు ముందు 7 కోట్లు ఇచ్చి అట్టిపెట్టుకున్నారు. ఆ ఏడాది 15 మ్యాచ్‌ల్లో 9 వికెట్లే దక్కాయి. మళ్లీ ఓపిక పట్టారు. 2023లో 14 మ్యాచ్‌ల్లో 19 వికెట్లతో బాకీ తీర్చేశాడు. అంటే ఫామ్ పోయిన ప్రతిసారీ జట్టు అండగా నిలిచింది, అతను కూడా తిరిగి ఇచ్చాడు. లాయల్టీ అంటే ఇదే కదా! మరి 2024 నవంబరులో ఏమైంది?

120 కోట్ల లెక్క

2025 సీజన్ కోసం మెగా వేలం జరిగింది. ఒక్కో జట్టు దగ్గర ఉన్నది 120 కోట్లు. అందులోనే పాతవాళ్లను అట్టిపెట్టుకోవాలి, కొత్తవాళ్లను కొనాలి. జట్టులో 25 మందికి మించకూడదు. ఆర్‌సీబీ ముగ్గురినే ఉంచుకుంది. కోహ్లికి 21 కోట్లు, రజత్ పటీదార్‌కు 11 కోట్లు, యశ్ దయాళ్‌కు 5 కోట్లు. మిగతా 83 కోట్లతో జెడ్డాలో వేలానికి కూర్చుంది.

సిరాజ్ కోసం గుజరాత్ పాట 12.25 కోట్లకు చేరింది. అంతే ధర చెల్లించి పాత ఆటగాణ్ని వెనక్కి తెచ్చుకునే 'రైట్ టు మ్యాచ్' కార్డు ఆర్‌సీబీ దగ్గర ఉంది. అయినా వాడలేదు. మర్నాడు 10.75 కోట్లు పెట్టి భువనేశ్వర్ కుమార్‌ను కొంది. అప్పటికే 12.50 కోట్లకు హేజిల్‌వుడ్‌ను తీసుకుంది. కొత్త బంతితోనూ, చివరి ఓవర్లలోనూ వేయగల భువనేశ్వర్ మీద కన్నుందని, సిరాజ్‌ను ఉంచుకుంటే అది కష్టమయ్యేదని, సిరాజ్ విషయంలోనే ఎక్కువగా తర్జనభర్జన పడ్డామని ఆర్‌సీబీ క్రికెట్ డైరెక్టర్ మో బొబాట్ తర్వాత వివరించాడు.

గమనించారా? ఇక్కడ అడిగిన ప్రశ్న 'సిరాజ్ మంచి బౌలరా, కాదా' అని కాదు. 'ఈ డబ్బుతో, వచ్చే మూడేళ్లకు, మాకు కావాల్సిన పనికి ఎవరు సరిపోతారు' అని. రెండూ వేర్వేరు ప్రశ్నలు. బయట పడ్డవాళ్లకు మాత్రం రెండోదాని జవాబు మొదటిదానికి జవాబులా వినిపిస్తుంది. అసలు బాధంతా అక్కడే.

ఉప్పల్‌లోనూ అదే కథ

ఆర్‌సీబీకి భువనేశ్వర్ ఎక్కడి నుంచి వచ్చాడు? మన సన్‌రైజర్స్ వదులుకుంటేనే వచ్చాడు. 2014 నుంచి 2024 వరకు 11 సీజన్లు హైదరాబాద్‌కు ఆడాడు. ఆ జట్టు తరఫున అత్యధిక వికెట్లు అతనివే. 2016లో కప్పు గెలిచిన ఏడాది, ఆ మరుసటి ఏడాది పర్పుల్ క్యాప్ అతనిదే. అలాంటివాణ్ని వదిలేస్తారా అని అభిమానులు బాధపడ్డారు.

కానీ అటువైపు చూడండి. సన్‌రైజర్స్ అట్టిపెట్టుకున్నది ఐదుగురిని. క్లాసెన్, కమిన్స్, అభిషేక్ శర్మ, ట్రావిస్ హెడ్, మన విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి. ఐదుగురికి కలిపి 75 కోట్లు అయ్యాయి. 20 లక్షలకు జట్టులోకి వచ్చిన నితీశ్ 21 ఏళ్లకే 6 కోట్ల ఆటగాడయ్యాడు. 34 ఏళ్ల సీనియర్‌కు చోటు దొరకని లిస్టులోనే విశాఖ కుర్రాడికి చోటు దొరికింది. భువనేశ్వర్ కోసం బాధపడ్డ మనమే నితీశ్ కోసం పండగ చేసుకున్నాం. ఖాళీలు తక్కువ ఉన్నచోట ఒకరి లాయల్టీ ఇంకొకరి అవకాశానికి అడ్డుపడుతుంది. ఫ్రెషర్‌గా మీరు కోరుకునే మొదటి ఉద్యోగం కూడా ఇలాంటి నిర్ణయం నుంచే రావచ్చు.

అలాగని కఠిన నిర్ణయాలన్నీ తెలివైనవేం కావు. వేలంలో సన్‌రైజర్స్ 10 కోట్లకు షమీని తీసుకుంది. 2025లో షమీకి 9 మ్యాచ్‌ల్లో 6 వికెట్లే వచ్చాయి. సన్‌రైజర్స్ ఆరో స్థానంతో సరిపెట్టుకుంది. ఏడాది తిరిగేలోగా షమీ లక్నోకు వెళ్లిపోయాడు. దాదాపు అదే డబ్బుకు ఆర్‌సీబీకి వెళ్లిన భువనేశ్వర్ 17 వికెట్లు తీసి కప్పు గెలిచాడు. ఎంపిక చేసేవాళ్లూ మనుషులే. వాళ్ల దగ్గరున్నది అంచనా మాత్రమే, మీ జాతకం కాదు.

పంపించడం తప్పు కాదు... పంపే తీరు?

డేవిడ్ వార్నర్ సంగతి తెలుగువాళ్లు మర్చిపోలేరు. 2016లో 848 పరుగులు చేసి, కెప్టెన్‌గా సన్‌రైజర్స్‌కు కప్పు తెచ్చాడు. మూడుసార్లు ఆరెంజ్ క్యాప్ గెలిచాడు. 2021 మే 1న సీజన్ మధ్యలో అతన్ని తప్పించి విలియమ్సన్‌ను కెప్టెన్ చేశారు. మరుసటి రోజు మ్యాచ్‌లో తుది జట్టులో కూడా చోటు లేదు. ఆ ఏడాది 8 మ్యాచ్‌ల్లో 195 పరుగులే చేశాడు కాబట్టి నిర్ణయానికి కారణం లేకపోలేదు. కానీ కెప్టెన్సీ ఎందుకు తీసేశారో తనకెవరూ వివరించలేదని వార్నర్ తర్వాత చెప్పాడు. అభిమానులకు నొప్పి తగిలింది కూడా అక్కడే.

ఆ వెంటనే జరిగిన టీ20 ప్రపంచకప్‌లో 289 పరుగులతో ప్లేయర్ ఆఫ్ ద టోర్నమెంట్ అయ్యాడు. 2022 మేలో ఢిల్లీ తరఫున సన్‌రైజర్స్ మీదే 92 నాటౌట్ కొట్టాడు.

జట్టు ఆటగాణ్ని ఎల్లకాలం ఉంచుకోలేదు. ఆ హామీ ఎవరూ ఇవ్వలేరు. ఇవ్వగలిగింది వేరే ఉంది. ముందుగా చెప్పడం, కారణం చెప్పడం, ఎదురుగా కూర్చుని చెప్పడం. పాతవాళ్లకు బాకీపడ్డ లాయల్టీ కనీసం ఇదీ.

లక్ష్మణ్ వదులుకున్న డబ్బు

ఇంకో కోణం. 2008లో ఐపీఎల్ మొదలైనప్పుడు ఐకాన్ ఆటగాళ్లకు జట్టులో అందరికన్నా 15 శాతం ఎక్కువ ఇవ్వాలన్నది నిబంధన. వీవీఎస్ లక్ష్మణ్ ఆ హోదా వద్దన్నాడు. ఆ డబ్బుతో డెక్కన్ చార్జర్స్ మంచి ఆటగాళ్లను కొనుక్కోవాలని అతని ఉద్దేశం. 2009లో గిల్‌క్రిస్ట్ కెప్టెన్సీలో జట్టు కప్పు గెలిచింది. 2011 వేలంలో మాత్రం చార్జర్స్ లక్ష్మణ్‌ను తీసుకోలేదు. కొచ్చి జట్టు 4 లక్షల డాలర్లకు కొనుక్కుంది.

చేసిన త్యాగం వృథా అయిందా? అయిందనే అనిపిస్తుంది. కానీ 2013లో హైదరాబాద్‌కు సన్‌రైజర్స్ వచ్చినప్పుడు మెంటార్‌గా డగౌట్‌లో కూర్చున్నది లక్ష్మణే. యాజమాన్యం మారింది, జట్టు పేరు మారింది, అతని మీద గౌరవం మారలేదు. సంస్థకు జ్ఞాపకం ఉంటుందన్న గ్యారంటీ లేదు. మనుషులకు ఉంటుంది.

మన దగ్గరికొస్తే

ఆటకూ ఉద్యోగానికీ పోలిక ఒక హద్దు వరకే. సిరాజ్‌ను ఒక జట్టు వదిలేస్తే వేలంలో పాడటానికి మరో తొమ్మిది జట్లున్నాయి. అద్దె గదిలో ఉండి ఎడ్యుకేషన్ లోన్ కట్టాల్సిన ఫ్రెషర్‌కు మర్నాడే వేలం జరగదు. కాబట్టి 'ఇదీ మంచికేలే' అని తేలిగ్గా చెప్పేయడం సరికాదు. అందుకే ముందు జాగ్రత్తలు కావాలి.

● ఐటీలో కూడా 'బెంచ్' అంటారు, 'ప్రాజెక్టు నుంచి రిలీజ్' అంటారు. ఆ మాట వినగానే కుంగిపోకుండా కారణం అడగండి. బడ్జెట్టా, స్కిల్లా, పనితీరా? మొదటిది మీ చేతిలో లేదు. మిగతా రెండూ ఉన్నాయి.

● జట్టు మారినా పనికొచ్చేది సిరాజ్ చేతిలోని బంతే. మీకు అలాంటి బంతి ఏదో తేల్చుకోండి. ఒక్క కంపెనీ టూల్‌కే పరిమితం కాకుండా ఎక్కడికైనా తీసుకెళ్లగల నైపుణ్యం ఒకటి ఉండాలి.

● ఆఫర్ లెటర్ వచ్చింది కదా అని జాయినింగ్ అయ్యేవరకు ప్రయత్నాలు ఆపొద్దు. బాండు, నోటీసు పీరియడ్ నిబంధనలు చదివాకే సంతకం పెట్టండి.

● వెళ్లేటప్పుడు గొడవపడి వెళ్లొద్దు. మీ పని గురించి రేపు మంచి మాట చెప్పేది పాత టీమ్ లీడే.

ఇంటర్వ్యూలో అడిగితే?

'మీరు టీమ్ లీడ్. మీతో కష్టపడ్డ స్నేహితుడు ఇప్పుడు సరిగా పనిచేయట్లేదు. ఏం చేస్తారు?' హెచ్‌ఆర్ రౌండులో ఇలాంటి ప్రశ్న ఎదురుకావచ్చు. 'స్నేహం వేరు, పని వేరు, తీసేస్తాను' అంటే కఠినంగా వినిపిస్తుంది. 'ఎట్టి పరిస్థితుల్లో వదులుకోను' అంటే మిగతా టీమ్ ఏమైపోవాలి?

ఇలా ఆలోచించండి. ముందు తనతో విడిగా మాట్లాడతాను. ఎక్కడ వెనకబడ్డాడో స్పష్టంగా చెప్పి, సాయం చేసి, గడువు ఇస్తాను. అప్పటికీ కుదరకపోతే తనకు సరిపోయే పని ఇంకోటి చూస్తాను. లేదంటే తప్పిస్తాను, కానీ ఆ మాట ముందు నా నోటి నుంచే వింటాడు. ఈ జవాబులో మనసూ ఉంది, నిర్ణయమూ ఉంది.

మళ్లీ సిరాజ్ దగ్గరికి

2025 చాంపియన్స్ ట్రోఫీ జట్టులో సిరాజ్‌కు చోటు దక్కలేదు. భారత్ ఆ ట్రోఫీ గెలిచింది. అది ఒప్పుకోవాల్సిన నిజం. అదే ఏడాది ఇంగ్లండ్‌తో సిరీస్‌లో ఐదు టెస్టులూ ఆడి 23 వికెట్లు తీశాడు. చివరి టెస్టు ఓవల్‌లో. హ్యారీ బ్రూక్ క్యాచ్ పట్టి బౌండరీ తాడు తొక్కేశాడు. బతికిపోయిన బ్రూక్ సెంచరీ కొట్టాడు. ఆగస్టు 4, ఆఖరి ఉదయం. ఇంగ్లండ్‌కు 35 పరుగులు కావాలి, చేతిలో 4 వికెట్లు. ఆ నాలుగులో మూడు సిరాజే తీశాడు. భారత్ 6 పరుగులతో గెలిచింది.

ఒక జట్టు వద్దనుకున్న, ఇంకో లిస్టులో పేరు లేని, ముందురోజే తప్పు చేసిన బౌలర్ అతను. ఇవేవీ ఆ ఉదయం బంతికి తెలియవు. మీ తర్వాతి ఇంటర్వ్యూ బోర్డుకు కూడా మీ పాత రిజెక్షన్లు తెలియవు. కాబట్టి వాటిని మీరే మోసుకెళ్లి చూపించకండి.