పున్నమ్మతోట నుంచి పొద్దుటి పాట

విజయవాడ బందరు రోడ్డులో, పున్నమ్మతోట దగ్గర ఉంటుంది ఆకాశవాణి కేంద్రం. 1948 డిసెంబరు 1న మొదలైంది. మీడియం వేవ్ 837 కిలోహెర్ట్జ్ మీద ఇక్కణ్నుంచి బయల్దేరిన పాట కోస్తా పల్లెల్ని ఏళ్ల తరబడి నిద్రలేపింది. వాల్టర్ కాఫ్‌మన్ కట్టిన ఆకాశవాణి సంకేత సంగీతం, వందేమాతరం, ఆ వెనకే భక్తిపాటల కార్యక్రమం భక్తిరంజని. పాలు పితికే పాకలోనూ, కళ్లాపి చల్లే వాకిట్లోనూ, టీ కొట్టు దగ్గరా అదే పాట.

భక్తిరంజనిని పూజగదికే పరిమితం చేసి చూడలేం. అన్నమయ్య, రామదాసు, సదాశివ బ్రహ్మేంద్రుల కీర్తనలు, నారాయణతీర్థుల తరంగాలు ఒకవైపు. ఊళ్లు తిరిగే బైరాగులు ఏకతారతో పాడుకునే తత్త్వాలు మరోవైపు. కచేరీ వేదిక ఎక్కని ఆ తత్త్వాలను మంగళంపల్లి బాలమురళీకృష్ణ ఎలా పాడారో విని తీరాలి. అంతటి విద్వాంసుడు సంగతులు తగ్గించుకుని మాటకు దారి ఇస్తారు. చదువు రాని శ్రోతకు కూడా ప్రతి అక్షరం అందుతుంది. శ్రీరంగం గోపాలరత్నం, ఓలేటి వెంకటేశ్వర్లు వంటి గొంతులూ ఆ ఉదయాలవే.

ఈ పాటల ఎంపిక వెనక బాలాంత్రపు రజనీకాంతరావు చూపు ఉంది. కవి, స్వరకర్త అయిన ఆయన ‘ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము’కు 1961లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నారు. మన పాట పుట్టుపూర్వోత్తరాలు అంతగా తెలిసిన మనిషి స్టేషన్ డైరెక్టరుగా కూర్చోవడం ఆ కేంద్రం అదృష్టం. పక్క వాద్యాలకూ లోటు లేదు. వయొలిన్ అన్నవరపు రామస్వామి, మృదంగం దండమూడి రామమోహనరావు. వీళ్లు నిలయ విద్వాంసులు, అంటే నెల జీతం మీద రోజూ సంగీతం చేసే ఉద్యోగులు. ఆ జీతం లేకపోతే ఈ సంపద లేదు.

అప్పటి రికార్డింగు పావు అంగుళం వెడల్పున్న టేపు మీద. పాట మధ్యలో దగ్గు వినిపిస్తే స్పూలును చేత్తో ముందుకూ వెనక్కూ తిప్పి, చోటు గుర్తు పెట్టుకుని, ఆ ముక్కను బ్లేడుతో ఏటవాలుగా కోసేవారు. రెండు కొసలూ ఆనించి వెనకవైపు అతుకు వేసేవారు. అతుకు కుదరకపోతే సరిగ్గా అక్కడ టక్కుమనేది.

పాట తర్వాత మాట. 6.55కు ఢిల్లీ నుంచి సంస్కృత వార్తలు, తెలుగు వార్తలు, ఆరోగ్యం మీదో పంటల మీదో ప్రసంగం, ఎవరో కవితోనో నటుడితోనో ముఖాముఖి. వక్త రాసుకొచ్చిన వ్యాసాన్ని మాటల్లోకి మార్చడం ప్రొడ్యూసర్ల పని. రచయిత బుచ్చిబాబు, రంగస్థల నటుడు బందా కనకలింగేశ్వరరావు వంటివారు ఇక్కడ ఉద్యోగం చేశారంటే ఆ మాటకు అంత పస ఎలా వచ్చిందో ఊహించుకోవచ్చు. ‘ఈ మాసపు పాట’ పేరుతో ఒకే లలితగీతాన్ని నెలంతా వినిపించడం నాకు మరీ ఇష్టమైన పద్ధతి. నాలుగు వారాలయ్యేసరికి అది శ్రోతలకు నోటికొచ్చేది.

ఇప్పటి ఎఫ్ఎం ఉదయాల్లో హుషారుంది, కబుర్లున్నాయి, సినిమా పాట ఉంది. మన ఊరి విద్వాంసుడు మాత్రం లేడు. అది చిన్న లోటు కాదు. విజయవాడ ప్రసారాలు ‘న్యూస్ ఆన్ ఎయిర్’ యాప్‌లో అమెరికాలో ఉన్నవారికీ వినిపిస్తాయి. వినేందుకు దారి ఉంది, పాత నిధినీ ఆ దారిన పంపాలి. కేంద్రంలోని పాత టేపులను గాయకుడు, స్వరకర్త, పక్క వాద్యకారుల పేర్లతో సహా ప్రజలందరికీ అందుబాటులో పెట్టాలని ఆకాశవాణిని నడిపే ప్రసార భారతిని అడుగుదాం. మీ ఇంటి అటక మీద రేడియో నుంచి రికార్డు చేసుకున్న క్యాసెట్ ఏదైనా ఉంటే పారేయకండి. తేదీ గుర్తుంటే రాసిపెట్టి, డిజిటల్ ప్రతి తీయించి ఆకాశవాణికి అందజేయండి.