మాఘం చలిలో పెరటి మొక్కలు

సంక్రాంతి దాటాక నిజామాబాద్ జిల్లా నవీపేట్ పరిసరాల్లో పగటి ఎండ ముదురుతుంది. మామిడి పూత పడుతుంది, పసుపు తవ్వకాలు మొదలవుతాయి, యాసంగి నాట్లు సాగుతుంటాయి. అయినా మాఘమాసంలో ఉన్నట్టుండి రెండు మూడు రాత్రులు గట్టిగా ఇగం పెట్టడం ఇక్కడ కొత్త కాదు. పెరటి మొక్కలకు డిసెంబరు చలి కంటే ఈ చివరి చలితోనే ఎక్కువ చేటు. డిసెంబరులో మొక్క ఎదుగుదల మందగించి ఉంటుంది. జనవరి చివరి ఎండకు లేత చిగురు వేస్తుంది, చలి దెబ్బ ఆ చిగురు మీదే పడుతుంది.

ఈ చలి ఉత్తరాది నుంచి వస్తుంది. హిమాలయాల మీదుగా మబ్బులు, వానలు తెచ్చిన వాతావరణ అలజడి దాటిపోయాక దాని వెనకే పొడిబారిన చల్లగాలి మధ్య భారతం మీదుగా తెలంగాణలోకి దిగుతుంది. సముద్రానికి దూరంగా ఉన్న పీఠభూమి కావడంతో రాత్రి వేడిని పట్టి ఉంచేంత తేమ గాలిలో ఉండదు. మైదాన ప్రాంతంలో కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు లేదా అంతకంటే కిందికి తగ్గి, అది మామూలు కంటే కనీసం 4.5 డిగ్రీలు తక్కువగా ఉంటే వాతావరణ శాఖ దాన్ని శీతల గాలులుగా లెక్కిస్తుంది.

ఆ లెక్క మాత్రం నేలకు 1.2 మీటర్ల ఎత్తున, చెక్కపెట్టెలో ఉంచిన థర్మామీటరుది. మబ్బు, గాలి లేని రాత్రి ఆరుబయట నేలకు దగ్గరగా ఉన్న ఆకు అంతకంటే కొన్ని డిగ్రీలు ఎక్కువే చల్లబడుతుంది. పగలంతా నేల, గోడ, ఆకు పట్టుకున్న వేడి రాత్రికి ఆకాశంలోకి పోతుంది. పైన చెట్టు కొమ్మో, రేకుల కప్పో అడ్డుంటే అందులో కొంత తిరిగి మొక్కకు చేరుతుంది. ఒకే పెరట్లో చూరు కింది తులసి పచ్చగా ఉండి, నడిమధ్య ఉన్న తులసి నల్లబడడానికి కారణం ఇదే. చల్లగాలి బరువైనది కాబట్టి పల్లంలో చేరి నిలుస్తుంది. ఎత్తు మడి కంటే పల్లపు మూల మొక్క ముందుగా దెబ్బతింటుంది.

అల్లూరి సీతారామరాజు జిల్లా లంబసింగిలోలా గడ్డిమీద మంచు పేరుకోవాలంటే ఆకు ఉష్ణోగ్రత సున్నాకు చేరాలి. నవీపేట్ మైదానంలో అది చాలా అరుదు. అలాగని నిశ్చింతగా ఉండడానికి లేదు. అరటి, బొప్పాయి, తమలపాకు, బచ్చలి, మనీప్లాంటు వంటి వేడిదేశపు మొక్కలకు గడ్డకట్టే చలి అక్కర్లేదు. 10, 12 డిగ్రీల దగ్గరే వాటి కణాల పైపొర పట్టు తప్పి లోపలి నీరు బయటికి ఊరుతుంది. చల్లబడ్డ వేరు నీరు సరిగా తోడలేదు. పొద్దెక్కి ఎండ తగలగానే ఆకు నీరు కోల్పోతుంది, కింది నుంచి అందదు. మడిలో తడి ఉన్నా మొక్క వాడిపోతుంది. దాన్ని నీటి ఎద్దడి అనుకుని మళ్లీ మళ్లీ నీళ్లు పోసి వేరు కుళ్లబెట్టుకునేవారు ఎందరో. టమాటాలో చల్లని రాత్రులకు పుప్పొడి పాడై పూత రాలుతుంది. ఫిబ్రవరిలో విత్తే బీర, సొర, కాకర గింజలు చల్లనేలలో మొలవకుండా కుళ్లుతాయి. వాటిని గోరువెచ్చని నీటిలో నానబెట్టి, గుడ్డలో మూటకట్టి, మొలక పగిలాక నాటడం మేలు.

చలి అన్నిటికీ కీడు కాదు. కొత్తిమీర, మెంతి, క్యాబేజీ, ముల్లంగి దాన్ని ఇష్టంగా ఓర్చుకుంటాయి. చెరకులో చక్కెర శాతం పెరిగేది చల్లని పొడి రాత్రుల్లోనే. చెరకు నరుకుడు చలికాలంలో సాగడానికి అదొక కారణం.

రక్షణ మార్గం ఈ ప్రాంతపు వరి నారుమళ్లలోనే ఉంది. యాసంగి నారు ఎర్రబడకుండా మడి మీద వెదురు బద్దలు వంచి, పాలిథిన్ షీటో, యూరియా బస్తాలతో కుట్టిన పట్టానో సాయంత్రం కప్పి పొద్దున తీసేస్తారు. రాత్రి చల్లబడ్డ నీటిని తెల్లారాక తీసేసి బోరునీరు పెడతారు. భూగర్భంలో చలి తగలని బోరునీరు జనవరి ఉదయపు గాలి కంటే వెచ్చగా ఉంటుంది. పెరటికీ ఇదే పద్ధతి. మధ్యాహ్నం కాగానే మొక్క మొదట్లో నీరు పెడితే తడి నేల పగటి వేడిని బాగా పట్టి రాత్రి విడుస్తుంది. ఎండ దిగకముందే పాత చీర, దుప్పటి, గోనె సంచి ఏదైనా కర్రల ఊతం మీద కప్పి, అంచులు నేలను తాకేలా దించాలి. తలకు రుమాలు చుట్టినట్టు పైన మాత్రం కట్టి కాండం దగ్గర బిగిస్తే నేల వేడి లోపలికి రాదు, ఆ కప్పు దండగే. పాలిథిన్ ఆకుకు తగలకూడదు, పొద్దున తప్పక తీయాలి. లేకుంటే ఎండకు లోపల మొక్క ఉడుకుతుంది.

చెరకు చెత్తో, వరిగడ్డో మొదట్లో పరచడం వేళ్లకు మంచిదే. కాకపోతే అది నేల వేడిని కిందే ఆపేస్తుంది, పైనున్న ఆకుకు అందనివ్వదు. పొట్టి మొక్కల దగ్గర ఆ ఒకటి రెండు రాత్రులు గడ్డిని పక్కకు జరపడం తెలివైన పని. చెత్త తగలబెట్టి పొగ పెట్టడంతో లాభం తక్కువ, ఇంటిల్లిపాదికీ దగ్గు ఎక్కువ. ఫ్లోరిడా నారింజ తోటల్లో గడ్డకట్టే రాత్రి ఆగకుండా నీళ్లు చిమ్ముతారు. నీరు మంచుగా మారేటప్పుడు విడిచే వేడి మొక్కను కాస్తుంది. ఇక్కడ నీరు గడ్డకట్టదు కాబట్టి, సాయంత్రం ఆకులు తడిపితే ఆ తడి ఆరుతూ మరింత చల్లబరుస్తుంది.

కుండీలకు డాబా పిట్టగోడ అంచు పనికిరాదు. పడమటి ఎండ కాసిన ఇటుక గోడ వారగా దగ్గరదగ్గరగా చేర్చితే చాలు. ఇక పైన చెప్పిన కప్పు కాపాడేది నేలలో వేడి మిగిలి ఉన్నంతవరకే. 2021 ఫిబ్రవరి 16న టెక్సస్‌లోని డాలస్ దగ్గర ఉష్ణోగ్రత మైనస్ 19 డిగ్రీలకు పడింది. అలాంటి చోట దుప్పట్లు కప్పి కరివేపాకును బతికించలేరు. అందుకే అమెరికాలో చలి ప్రాంతాల తెలుగువారు దాన్ని కుండీలోనే పెంచి శీతాకాలం ఇంట్లోకి చేర్చుకుంటారు.

చలి తగిలాక తొందరపడి కత్తెర పట్టకూడదు. మాడిన ఆకులు కింది కొమ్మకు మరో చలి రాత్రి అడ్డుగా ఉంటాయి. పైగా ఏ కొమ్మ చచ్చిందో, ఏది బతికిందో వెంటనే తెలియదు. యూరియా వేస్తే లేత చిగురు వచ్చి మళ్లీ దెబ్బతింటుంది. శివరాత్రి దాటి రాత్రులు వెచ్చబడ్డాక, కొత్త చిగురు ఎక్కడి నుంచి వస్తోందో చూసి, దానిపై ఎండిన భాగాన్ని కత్తిరించి, చివికిన పశువుల ఎరువు వేస్తే కరివేపాకు, మందార సాధారణంగా తేరుకుంటాయి. అరటిలో పైమొక్క పోయినా దుంప గట్టిగా ఉంటే పిలక లేస్తుంది. బొప్పాయిలో మొవ్వు కుళ్లి కాండం మెత్తబడితే మాత్రం దాన్ని తీసేసి, ఎండలు ముదిరేలోగా కొత్త మొక్క పెట్టుకోవడమే.