వనభోజనాల వేళ: పొయ్యి ఒకటి, వంటలు పలు

ప్రత్యేక వ్యాసం

కార్తీక మాసం ప్రవేశించగానే ఉసిరి చెట్టు నీడను వెదుక్కుంటూ కుటుంబ సమేతంగా వనభోజనాలకు బయలుదేరడం తరతరాల ఆనవాయితీ. వై.ఎస్.ఆర్. కడప జిల్లాలోని ప్రొద్దుటూరు ప్రజలకు పెన్నా తీరం, జమ్మలమడుగు వాసులకు మైలవరం జలాశయ పరిసరాలు, గండికోట, పులివెందుల ప్రాంతీయులకు పాపఘ్ని ఒడ్డున గల గండి క్షేత్ర పరిసరాలు ఇందుకు అనువైన స్థలాలు. ఇటీవలి సంవత్సరాలలో గండికోట వద్ద గుడారాలలో రాత్రి బస చేసే కుటుంబాలు కూడా పెరిగాయి. అయితే ఇంటింటికీ వంట గ్యాసు చేరిన తరువాత పెరిగిన తరానికి కట్టెల పొయ్యితో పరిచయం తక్కువ. ఆరుబయట వంట సులువుగా, రుచిగా, ప్రమాద రహితంగా సాగడానికి అవసరమైన అంశాలను ఈ వ్యాసంలో వివరించడమైనది.

స్థలం ఎంపిక

వంటకు ముందుగా నిర్ణయించుకోవలసినది స్థలం. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో గల కట్టడాల ఆవరణలో, అందుకు అనుమతించిన చోట తప్ప, వంట చేయడాన్ని 1959 నాటి ప్రాచీన కట్టడాల నిబంధనలు నిషేధిస్తున్నాయి. గండికోటలోని మాధవరాయ స్వామి, రంగనాథ స్వామి ఆలయాలు, జామియా మసీదు, ధాన్యాగారం వంటి చారిత్రక కట్టడాల చెంత పొయ్యి వెలిగించరాదు. పొగ మసి రాతి శిల్పానికి శాశ్వత హాని చేస్తుంది. రిజర్వు అటవీ ప్రాంతంలో నిప్పు పెట్టడం 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం ప్రకారం నేరం.

నదీ గర్భంలోని ఇసుక తిన్నెలు వంటకు అనువుగా కనిపించినా అక్కడ బస చేయరాదు. కార్తీకం ఈశాన్య రుతుపవనాల కాలం. ఎగువన కురిసిన వాన వల్లనో, జలాశయాల గేట్లు ఎత్తడం వల్లనో నదిలో నీరు ఒక్కసారిగా పెరగవచ్చు. 2021 నవంబరు 19న, కార్తీక మాసంలోనే, అప్పటి ఉమ్మడి కడప జిల్లాలో చెయ్యేరుపై గల అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి దిగువ గ్రామాలలో జరిగిన ప్రాణనష్టాన్ని ఎవరూ మరువలేరు.

పొయ్యి అమరిక

మూడు రాళ్ల పొయ్యికి రాళ్లను ఎంచుకొనడంలో జాగ్రత్త అవసరం. నదిలో నానిన రాయి లోపలి తేమ వేడికి ఆవిరై, రాయి పగిలి ముక్కలు ఎగిరిపడవచ్చు. ఈ ప్రాంతంలో విరివిగా లభించే నాపరాయి పొరలు పొరలుగా చిట్లుతుంది. పొడిగా ఉన్న గట్టి రాళ్లు గాని, ఇటుకలు గాని వాడడం మేలు. పొయ్యి చుట్టూ కనీసం రెండు మీటర్ల మేర ఎండుగడ్డి, ఆకులు తొలగించి, రెండు బిందెల నీరు దగ్గర ఉంచుకోవాలి. గండికోట లోయ అంచున గాలి వేగం ఎక్కువ. గాలికి అడ్డుగా బండచాటు లేనిచోట పొయ్యి పెట్టరాదు.

కట్టెలను ఇంటి నుండే తీసుకువెళ్లడం ఉత్తమం. రాజేయడానికి కందికంప, నిలకడైన నిప్పులకు తుమ్మ, చింత కట్టెలు శ్రేష్ఠం. గన్నేరు విషపూరితమైనందున దాని కొమ్మలను వంటచెరకుగా గాని, కాల్చడానికి పుల్లలుగా గాని వాడరాదు.

మంట తీరును బట్టి వంట

ఒకే పొయ్యిపై పలు వంటలు చేయడంలోని కిటుకు క్రమంలో ఉంది. నిప్పు మూడు దశలలో మూడు విధాల పనికి వస్తుంది.

మొదటిది పెద్ద మంట. దీనిపై రాగి సంగటి వండుకోవచ్చు. ఆరుగురికి ఒక గ్లాసు బియ్యానికి ఏడు గ్లాసుల నీరు పోసి, ఉప్పు వేసి మెత్తగా ఉడికించాలి. రెండు గ్లాసుల రాగిపిండిని మధ్యలో కుప్పగా పోసి, కలపకుండా మూత పెట్టి, కొన్ని కట్టెలు వెనక్కు లాగి పది నిమిషాలు మగ్గనివ్వాలి. తరువాత తెడ్డుతో ఉండలు లేకుండా గెలికి ముద్దలు చేయాలి.

రెండవది నిలకడైన సన్నని మంట. ఆకుకూర పప్పు గాని, మాంసాహారులు ఇతర మాసాలలో నాటుకోడి పులుసు గాని దీనిపై చేసుకోవచ్చు. పిల్లలకు తొందరగా అందించడానికి ఉగ్గాని అనుకూలం. బొరుగులను నీటిలో తడిపి పిండి, ఉల్లిపాయ, పచ్చిమిరప తాళింపులో వేసి, పుట్నాల పొడి చల్లితే పావుగంటలో సిద్ధమవుతుంది.

మూడవది మంట తగ్గిన తరువాత మిగిలిన నిప్పులు. వంకాయలు, టమాటాలు కాల్చి పచ్చడి నూరుకోవచ్చు. పచ్చి వేరుశనగ కాయలు, మొక్కజొన్న కంకులు కాల్చడం పిల్లలకు వేడుక. సంగటికి జోడుగా ఊరుబిండిని ఇంటివద్దనే నూరి తీసుకువెళితే శ్రమ తగ్గుతుంది.

బజ్జీలు, పూరీల వంటి నూనె వంటకాలను మాత్రం ఇంటివద్దనే చేసుకోవాలి. మూడు రాళ్లపై నిలకడ లేని బాణలిలో కాగే నూనె, చుట్టూ ఆడుకునే పిల్లలు ప్రమాదానికి హేతువులు.

నిప్పు ఆర్పడం

బయలుదేరే ముందు నిప్పులపై ఇసుక కప్పి వెళ్లడం చాలామందికి అలవాటు. ఇది సరికాదు. ఇసుక అడుగున నిప్పులు గంటల తరబడి కణకణలాడుతూనే ఉంటాయి. తరువాత వచ్చిన వారి పిల్లలు చెప్పులు లేకుండా అక్కడ అడుగు పెడితే పాదాలు కాలుతాయి. నీరు పోసి, కర్రతో కలిపి, మళ్లీ నీరు పోయాలి. బూడిదపై అరచేయి చాపినపుడు వేడి తగలకపోతేనే నిప్పు ఆరినట్లు భావించాలి.

వంట చేసేవారు నైలాన్, పాలిస్టర్ వస్త్రాలకు బదులు నూలు వస్త్రాలు ధరించాలి. కాలిన గాయంపై ఇరవై నిమిషాలు చల్లని నీరు ధారగా పోయాలి. టూత్‌పేస్టు, సిరా, పసుపు పూయరాదు. అగ్నిమాపక సేవకు 101, అంబులెన్సుకు 108, ఇతర అత్యవసరాలకు 112 నంబర్లను సంప్రదించవచ్చు.

వనభోజనం చెట్టును గౌరవించే ఆచారం. ఆ చెట్టు కిందనే నిప్పును వదిలి వెళ్లడం ఆచారానికే విరుద్ధం. ఈ అంశాలను పాత్రికేయులు తమ పత్రికల ద్వారా, మండల, గ్రామ స్థాయి అధికారులు తమ సిబ్బంది ద్వారా, కార్తీక మాసానికి ముందుగానే ప్రజలకు చేరవేయవలసినదిగా కోరడమైనది.