చివరి 3,520 బైట్లు ఎక్కడికి పోయాయి?

తెనాలి, బాపట్ల, రేపల్లె, ఏ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లినా దస్తావేజు స్కానర్ కిందికి వెళ్లాల్సిందే. ఉమ్మడి రాష్ట్రంలో 1998లో ‘కార్డ్’ పేరుతో రిజిస్ట్రేషన్ల కంప్యూటరీకరణ మొదలయ్యాక వచ్చిన అలవాటిది. ఏ4 కాగితాన్ని 300 డీపీఐలో రంగుల్లో స్కాన్ చేస్తే, కుదించకముందు పేజీకి సుమారు 26 ఎంబీ. ఇంత బరువును డేటాబేస్‌లోకి ఎక్కించే ప్రోగ్రాములు రాసేవాళ్లలో కొన్ని నమ్మకాలు గట్టిగా పాతుకుపోయాయి.

అపోహ: ఫైలు మొత్తం మెమరీలోకి తెచ్చుకుంటేనే డేటాబేస్‌లో పెట్టగలం.

అక్కర్లేదు. 50 ఎంబీ ఫైలు ఒకటైతే నడిచిపోతుంది, ఒకేసారి ఇరవై మంది పంపితే అదే ఒక జీబీ. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో వార్‌బైనరీ మ్యాక్స్ రకం గడిలో 2 జీబీ దాకా పడుతుంది. అప్‌డేట్‌లో ‘రైట్’ వాడి ముక్కలు ఒకదాని వెనక ఒకటి అతికించుకుంటూ పోవచ్చు. ముక్క సైజు 8,040 బైట్ల గుణిజమైతే మేలని మైక్రోసాఫ్టే చెబుతుంది. ఒక్క మెలిక ఉంది: గడి నల్‌గా ఉంటే ‘రైట్’ ఒప్పుకోదు, ముందు సున్నా పొడవున్న విలువ పెట్టాలి.

అపోహ: బఫర్‌లో, అంటే ముక్క నిండేదాకా బైట్లు ఆగే మెమరీలో, రాశామంటే డేటాబేస్‌లో పడ్డట్టే.

అసలు కొంప మునిగేది ఇక్కడే. తెనాలి ప్లాట్‌ఫామ్ మీద నిలబడ్డవాడు రేపల్లె చేరినట్టు కాదు. 1,00,000 బైట్ల ఫైలు, 8,040 బైట్ల బఫర్ అనుకోండి. బఫర్ పన్నెండుసార్లు నిండి 96,480 బైట్లు వెళ్తాయి. మిగతా 3,520 నిండని బఫర్‌లోనే ఉంటాయి. ఫ్లష్ చేయకుండా (ఉన్నంతవరకు ముందుకు తోయకుండా), స్ట్రీమ్ మూయకుండా వదిలేస్తే వాటి సంగతి అంతే, ఎర్రర్ కూడా రాదు. పీడీఎఫ్‌లో ఏ భాగం ఎక్కడుందో చెప్పే పట్టిక సాధారణంగా చివర్లోనే ఉంటుంది కాబట్టి ఆ ఫైలు మొరాయిస్తుంది. జేపెగ్ అయితే తెరుచుకుంటుంది గానీ అడుగున బొమ్మ ఉండదు. తిట్లు మాత్రం స్కానర్‌కు.

దీన్ని తిరగేసిన తప్పు ఇంకోటి. ఆఖరి విడతలో చదివింది 3,520 బైట్లే అయినా బఫర్ మొత్తం రాసేయడం. పాత విడత తాలూకు 4,520 బైట్లు తోకలా అంటుకుని లెక్క 1,04,520 అవుతుంది. జేపెగ్ చూపించే సాఫ్ట్‌వేర్ ముగింపు గుర్తు దగ్గరే ఆగిపోతుంది కనుక ఇది ఎవరి కంటా పడదు. ఎక్కించాక సైజు సరిచూస్తే రెండు తప్పులూ దొరికిపోతాయి. అంత చిన్న పని చాలామంది ఎందుకు చేయరో నాకు అంతుపట్టదు.

అపోహ: ఫ్లష్ అయితే ఇక భద్రం.

ఫ్లష్ ముక్కను ముందుకు తోస్తుంది, నిలబెట్టేది కమిట్. ముక్కముక్కకీ విడిగా కమిట్ చేస్తే, మధ్యలో కరెంటు పోయినప్పుడు సగం దస్తావేజు మిగులుతుంది. ముక్కలన్నీ ఒకే ట్రాన్సాక్షన్‌లో వెళ్లాలి.

అపోహ: బఫర్ ఎంత పెద్దదైతే అంత వేగం.

కొంతవరకే. మరీ చిన్నదైతే ప్రతి ముక్కకూ సర్వర్ దాకా వెళ్లిరావాలి. ఫైలంత బఫర్ పెడితే మళ్లీ మొదటికే వచ్చాం.

అపోహ: పెద్ద ఫైళ్లు డేటాబేస్‌లో పెట్టనే కూడదు.

2006లో మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌లో జిమ్ గ్రే, ఆయన సహచరులు కొలిచి చూశారు. 256 కేబీ లోపు డేటాబేస్‌దే పైచేయి, 1 ఎంబీ దాటితే ఫైల్ సిస్టమ్‌ది. మధ్యలో ఉన్నవి ఎంత తరచుగా మారతాయన్న దాన్నిబట్టి. బాగా కుదించిన నలుపు తెలుపు పేజీ మామూలుగా మొదటి కోవలోకే వస్తుంది. పెద్దవాటికోసం ఎస్‌క్యూఎల్ సర్వర్ 2008లో ఫైల్‌స్ట్రీమ్ వచ్చింది. ఫైలు డిస్కు మీదే ఉంటుంది, కమిట్ మాత్రం డేటాబేస్ చేతిలో ఉంటుంది.