చెరగని చిట్టా: 'గిట్' పరిచయం

(బి.యస్సీ. గణితం - గణాంకశాస్త్రం - కంప్యూటర్ సైన్స్, తృతీయ సంవత్సరం)

నేటి యుగం కంప్యూటర్ యుగమని వక్తలు వేదికలెక్కి చెప్పటం మనకు అలవాటే. 1998 నవంబరులో మాదాపూర్ రాళ్ళగుట్టల నడుమ సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుండి హైదరాబాదు పడమటి అంచు ఎంత మారిపోయిందో కూడా అందరం చూస్తున్నదే. అయితే ఆ అద్దాల మేడల్లో వందలాది మంది ఒకే ప్రోగ్రామును రాస్తూ వుంటే, ఒకరి రాత మీద ఇంకొకరి రాత పడి పాడైపోకుండా ఎలా వుంటున్నది? ఈ ప్రశ్న మనలో ఎంతమందికి తోచింది? దానికి ఎక్కువ చోట్ల వినిపించే జవాబు ఒక్కటే. దాని పేరు గిట్.

మన సంగతే చూడండి. నలుగురం కలిసి ప్రాజెక్టు మొదలుపెడతాం. మొదట 'ఫైనల్' అని ఒక ఫైలు. మర్నాటికి 'ఫైనల్ 2'. వైవా ముందురోజు రాత్రికి 'అసలు ఫైనల్', 'ఇదే ఫైనల్'. నిన్న నడిచిన ప్రోగ్రాము ఇవాళ ఎందుకు మొరాయిస్తున్నదో, నడుమ ఏ వరుస ఎవరు మార్చారో చెప్పే నాథుడుండడు.

ఈ బాధ కొత్తదేమీ కాదు. 1972లోనే అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో మార్పులకు లెక్క రాసే సాధనం ఒకటి తయారైంది. తరువాత సి.వి.ఎస్., సబ్‌వర్షన్ వంటివి వచ్చాయి. వీటిలో ఒక చిక్కుంది. పూర్తి చరిత్ర గల అసలు పుస్తకం ఒకే కంప్యూటరులో వుంటుంది. అది చెడితే అందరి పనీ ఆగినట్టే.

ఒకే చోట పుస్తకముంటే వచ్చే కష్టం రైతుబిడ్డలకు వేరే చెప్పనక్కర్లేదు. పూర్వం పహాణీ పట్వారీ చేతిలో వుండేది. 1984లో ప్రభుత్వం ఆ పదవులను రద్దు చేసింది. తరువాత తరువాత పుస్తకం పోయి కంప్యూటరు వచ్చింది. కొన్నేళ్ళ క్రితం మా నాన్న పేరిట వున్న సర్వే నంబరులో పన్నెండు గుంటలు తక్కువ పడ్డాయి. ఎవరు తగ్గించారు? ఏ తేదీన? ఏ కాగితం చూసి? 'సిస్టంలో అంతే వుంది' అన్నారే గాని, అంతకుముందు ఏముండేదో చూపించినవారు లేరు. ఇంట్లో ట్రంకుపెట్టెలో పాత నకలుంది కాబట్టి, రెండేళ్ళు తిరిగాక ఆ గుంటలు మళ్ళీ ఎక్కాయి.

గిట్ మర్మమంతా ఇందులోనే వుంది. ఒకటి, ప్రతి మార్పుకూ లెక్క వుండాలి. రెండు, పూర్తి నకలు ప్రతివాడి పెట్టెలోనూ వుండాలి.

దీని పుట్టుక చిత్రమైనది. ఫిన్లాండులో పుట్టిన లైనస్ టోర్వాల్డ్స్ 1991లో లినక్స్ మొదలుపెట్టాడు. ప్రపంచం నలుమూలల నుండి దానికి మార్పులు వచ్చిపడేవి. వాటిని సర్దడానికి 2002 నుండి బిట్‌కీపర్ అనే ఒక కంపెనీ సాధనాన్ని వాడారు. 2005 ఏప్రిల్‌లో ఆ కంపెనీ ఉచిత వాడకాన్ని ఆపేసింది. టోర్వాల్డ్స్ చేతులు ముడుచుకు కూర్చోలేదు. ఆ నెలలోనే సొంత సాధనం రాయటం మొదలుపెట్టాడు. కొద్ది రోజుల్లోనే గిట్ తన కోడును తానే భద్రపరచుకునే స్థితికి వచ్చింది. ఆ జూలైలో నిర్వహణను జూనియో హమానోకు అప్పగించాడు. గిట్ ఎవరైనా వాడుకోవచ్చు, లోపల ఏముందో చదవొచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. ఈ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ తత్వాన్ని మన విద్యార్థులకు చెబుతున్న 'స్వేచ్ఛ' సంస్థ హైదరాబాదులోనే వుంది.

ఇక ఇది పనిచేసే తీరు. పని ఒక కొలిక్కి వచ్చినప్పుడల్లా 'కమిట్' చేస్తాం. అప్పటి ఫైళ్ళ రూపం, పేరు, తేదీ, కారణం, అంతకుముందరి కమిట్ గుర్తు అన్నీ కలిపి లెక్కగట్టి, గిట్ దానికి 40 అక్షరాల గుర్తు ఒకటి ఇస్తుంది. పాత కమిట్‌లో ఒక్క చుక్క మారినా దాని గుర్తూ, దాని తరువాతి గుర్తులన్నీ మారిపోతాయి. పాతది దిద్దటం అసాధ్యమని కాదు. దిద్దితే మిగతావారి నకళ్ళతో పొసగదు, దొరికిపోతుంది. అయితే పేరు మాత్రం ఎవరు ఏది రాసుకుంటే అదే పడుతుంది. అక్కడ నిజాయితీ మనదే.

కొత్త వంగడాన్ని పొలమంతా చల్లం గదా? ముందు ఒక మడిలో వేసి చూస్తాం. 'బ్రాంచ్' అంటే ఆ మడే. పండితే ప్రధాన పంటలో కలుపుతాం. దాన్ని 'మెర్జ్' అంటారు. ఎండితే ఆ మడి వరకే నష్టం. ఇద్దరు ఒకే వరుసను రెండు రకాలుగా మారిస్తే అది గట్టు తగాదా. గిట్ తీర్పు చెప్పదు. ఇద్దరి రాతలూ పక్కపక్కన పెట్టి, తేల్చుకోమంటుంది.

కొత్తవారు గిట్‌నూ గిట్‌హబ్‌నూ ఒకటే అనుకుంటారు. గిట్ సాధనం, ఇంటర్నెట్ లేని హాస్టలు గదిలోనూ పనిచేస్తుంది. గిట్‌హబ్ 2008లో మొదలైన ఒక కంపెనీ గోదాము. 2018లో దాన్ని మైక్రోసాఫ్ట్ కొన్నది. గచ్చిబౌలిలో పెద్ద ప్రాంగణమున్న ఆ మైక్రోసాఫ్టే, దాదాపు 35 లక్షల ఫైళ్ళున్న తన విండోస్ కోడును 2017 నాటికి గిట్‌లోకి మార్చుకున్నది. అంత భారం మోసినది మన ప్రాజెక్టును మోయలేదా?

మొదలుపెట్టడానికి నాలుగు మాటలు చాలు. 'గిట్ ఇనిట్'తో చిట్టా తెరవాలి. 'గిట్ యాడ్'తో ఏ మార్పులు ఎక్కాలో చెప్పాలి. 'గిట్ కమిట్'తో ఎక్కించాలి. 'గిట్ లాగ్'తో వెనక్కి చదువుకోవాలి. కమిట్‌లో ఏం మార్చామన్నదానికంటే ఎందుకు మార్చామన్నది రాయటం ముఖ్యం. ఏం మారిందో గిట్ చూపిస్తుంది. ఎందుకో మనమే చెప్పాలి.

గురువర్యులకు ఒక మనవి. ప్రాజెక్టుకు మార్కులు వేసే ముందు ఒక్కసారి ఆ చిట్టా కూడా తిరగేయండి. మాటకారి ఎవరో, మౌనంగా పనిచేసింది ఎవరో కొంతైనా తెలుస్తుంది. హైటెక్ సిటీలో కొలువులు చేస్తున్న పూర్వ విద్యార్థులు నెలకొక శనివారం వచ్చి మా పక్కన కూర్చుంటే అంతకన్నా కావలసిందేముంది? మిత్రులారా, దీనికి ఫీజు లేదు, సీటు లేదు, సిఫారసు అక్కర్లేదు. ల్యాబులో ఒక కంప్యూటరు, ఒక సాయంత్రం చాలు.